సంతకం ఆమెదే, అయినా ఫోర్జరీయే: తిరుపతిలో ఒక పెద్దావిడ కేసు

ఈ కేసులో ముద్దాయి ఫిర్యాది సొంత అన్న కొడుకు. ఫిర్యాది డెబ్బై ఏళ్ళు దాటిన వితంతువు. ఆమెతో పాటు నష్టపోయినవాడు ఆమె కొడుకు. నలభై ఏళ్ళ మనిషి, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉన్నవాడు, తల్లి లేకపోతే పూట గడవనివాడు. ఇద్దరి అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. కొడుకు తరఫున తల్లే సరే అంది.

తిరుపతి కోర్టుల్లో ప్రాక్టీసు చేసే నా దగ్గరికి ఇలాంటి ఇళ్ళ నుంచి మనుషులు వస్తూనే ఉంటారు. ముసలివాళ్ళను ఇబ్బంది పెడుతున్నారంటే అందరికీ ముందు గుర్తొచ్చేది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. ఆ వెంటనే, ఆ చట్టం కింద ట్రిబ్యునల్ నడిపే ఆర్డీఓ ఆఫీసు. అది అవసరమే. కానీ ఆ చట్టంలో ఉన్న క్రిమినల్ శిక్ష చాలా చిన్నది. పెద్ద శిక్షలు వేరే చట్టాల్లో ఉన్నాయి, అవి కూడా ఒక్క చోట లేవు. మొదటి అర్జీ ఎలా రాశామన్నదాన్ని బట్టే మూడు నెలల నేరంగా మిగులుతుందో, పదేళ్ళ నేరంగా నిలబడుతుందో తేలిపోతుంది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

ఇంట్లో ఏం జరిగింది

భర్త కొర్లగుంట వైపు కిరాణా కొట్టు నడిపేవాడు, 2022లో పోయాడు. ఆమె పేర ఇరవై నాలుగు అంకణాల స్థలంలో పాత ఇల్లు, బ్యాంకులో కొట్టు అమ్మిన డబ్బు, పెళ్ళినాటి నగలు మిగిలాయి. కూతురు కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉంటుంది. కొడుక్కి సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంది. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయం వాళ్ళు ఇంటికే వచ్చి ఇచ్చి పోతారు.

భర్త దినాలు అయిపోయాక పాకాల దగ్గరి ఊరి నుంచి మేనల్లుడు వచ్చాడు. "అత్తా, మీకు మగదిక్కు లేదు. బావను నువ్వొక్కదానివే ఎట్లా చూసుకుంటావు? నేనుంటాలే" అన్నాడు. మొదటి ఏడాది నిజంగానే చూసుకున్నాడు. మందులు తెచ్చాడు, కరెంటు బిల్లు కట్టాడు, బావను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి కేసుల్లో చాలావాటికి మొదలు ఇట్లాగే ఉంటుంది. తర్వాత కోర్టులో ముద్దాయి తరఫు వాదన అంతా ఆ మొదటి ఏడాది మీదే నిలబడుతుంది. దాన్ని దాచిపెట్టి కేసు రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్లో మనమే దొరికిపోతాం. అందుకే మా అర్జీలో అది మొదటి పేరాలోనే పెట్టాం.

తర్వాత మందుల కోసమని ఏటీఎం కార్డు, పిన్ తీసుకున్నాడు. ఆమె ఫోన్లో యూపీఐ పెట్టుకున్నాడు, అది ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. లాకర్ దండగ ఖర్చని చెప్పి నగలు ఇంటికి తెప్పించాడు. 2025 మొదట్లో ఆమెకు కంటి శుక్లాల ఆపరేషన్ చేయించాడు. ఆపరేషన్ అయిన వారంలోనే, నల్ల కళ్ళద్దాలు తీయకముందే, "బావ పింఛను నీ తర్వాత ఆగిపోకుండా కాగితాలు రాయిద్దాం" అని ఆటోలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్ళాడు. "ఏమడిగినా సరే అను అత్తా, లేకపోతే మళ్ళీ రమ్మంటారు" అన్నాడు. ఆమె సరే అంది, సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది. అది ఇల్లు మొత్తం మేనల్లుడి పేర రాసిన దానసెటిల్‌మెంటు దస్తావేజు.

దస్తావేజు చేతికొచ్చాక ఇంట్లో గొంతు మారింది. అన్నం వేళకు పెట్టేది లేదు. కొడుకు వీధి అరుగు మీద కూర్చుంటే, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తే పరువు పోతోందని పగలంతా వెనక గదిలో పెట్టి గడియ వేయడం మొదలైంది. అడ్డొచ్చినందుకు ఆమెను ఒకసారి నెట్టేశాడు. మోచేయి వాచింది.

ఎదురింట్లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ చూడలేక కూతురికి వాట్సాప్ చేసింది. అట్లా ఈ కేసు నా దగ్గరికి వచ్చింది.

ఆమె తెచ్చిన అర్జీ

నా దగ్గరికి వచ్చేసరికే వాళ్ళు ఒకసారి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి వచ్చారు. ఎవరితోనో రాయించిన అర్జీ కాపీ ఆమె చేతిసంచిలో ఉంది. "నా మేనల్లుడు నన్ను, నా కొడుకును సరిగా చూసుకోవడం లేదు, నోటికొచ్చినట్లు తిట్టుచున్నాడు, కావున తమరు దయతో తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన." అంతే. స్టేషన్లో చదివి, "ఇది ఫ్యామిలీ మ్యాటర్ అమ్మా, ఆర్డీఓ దగ్గరికి పోండి" అని పంపేశారు.

అలా పంపేయడం తప్పే. కానీ ఆ కాగితంలో పోలీసులు పట్టుకోవడానికి ఒక్క తేదీ లేదు, ఒక్క రూపాయి లెక్క లేదు, ఒక్క వస్తువు పేరు లేదు. "చూసుకోవడం లేదు" అనేది బాధ. నేరంగా రాయాలంటే ఎవరు, ఎప్పుడు, ఏం తీసుకున్నారు, ఏం చెప్పి తీసుకున్నారు, ఏం చేశారు అనేవి కావాలి.

"చూసుకోవడం లేదు" అన్న మాట వరకే ఆగితే చట్టంలో ఏముంది? 2007 చట్టంలో 24వ సెక్షన్ ఉంది. సంరక్షణలో ఉన్న వయోవృద్ధులను పూర్తిగా వదిలించుకోవాలనే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలు వచ్చే నేరం, సమ్మరీ ట్రయల్. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 357వ సెక్షన్ ఉంది. నిస్సహాయులైన వారిని చూసుకుంటానని చట్టబద్ధమైన ఒప్పందం చేసుకుని, కావాలని మానేస్తే అక్కడా మూడు నెలలు, 5,000 రూపాయలే. మా కేసులో ఒప్పందమేమీ రాసుకోలేదు. ఆమెను ఎక్కడా వదిలేసి పోలేదు, ఆమె ఇంట్లోనే ఆమెను పెట్టి అంతా తీసుకున్నాడు. అందుకని ఈ రెండు సెక్షన్లూ మాకు పనికిరాలేదు.

అర్జీని మళ్ళీ కట్టిన తీరు

ముందు పాస్‌బుక్కు ప్రింటు వేయించాం. స్టేట్‌మెంట్ తీయించి, బ్యాంకు సర్టిఫికెట్‌తో కలిపి తీసుకున్నాం. పెన్సిల్ పట్టుకుని ఆమెతో కూర్చుని ఒక్కో ఎంట్రీ అడిగాను. "ఈ 9,500 దేనికమ్మా?" "తెలీదు లాయరమ్మా." "ఇది?" "అది అబ్బోడికి మూర్ఛ మందులకి, నేనే చెప్పినా." ఆమె చెప్పి తీయించినవి పక్కన పెట్టాం. ఇది ముఖ్యం. మొత్తం కలిపి దొంగతనం అనేస్తే, అందులో నిజంగా మందులకు పోయిన పది ఎంట్రీలు చూపించి అంతా అబద్ధమనేస్తారు. మిగిలినవి లెక్కేస్తే నాలుగు లక్షల పైచిలుకు తేలింది. అందులో రెండు విత్‌డ్రాయల్స్ ఆమె కంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రి బెడ్ మీద ఉన్న రోజువి. డిశ్చార్జి సమ్మరీలో తేదీ ఉంది, స్టేట్‌మెంట్లో తేదీ ఉంది. యూపీఐ నుంచి ప్రతి నెలా ఒకే మొత్తం ఒకే చోటికి పోతోంది. అది అతని కారు లోను ఈఎంఐ. "ఇంటి ఖర్చులకే తీశాను" అన్న వాదన ఆ ఒక్క వరుసతో తేలిపోయింది.

కార్డు అప్పగించింది మందుల కోసం, వాడింది కారు కోసం. అది నమ్మకద్రోహం, భారతీయ న్యాయ సంహిత 316(2), అయిదేళ్ళ వరకు జైలు. పాత ఐపీసీ 406లో ఇది మూడేళ్ళే. కొత్త చట్టం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తేదీకి ముందు తీసిన డబ్బు పాత చట్టం కింద, తర్వాత తీసింది కొత్త చట్టం కింద రాయాలి. స్టేట్‌మెంటును ఆ తేదీ దగ్గర గీత గీసి రెండు ముక్కలు చేశాం. ఆమెకు తెలియకుండా ఆమె పేర యూపీఐ పిన్ పెట్టుకుని వాడడం ఐటీ చట్టం 66సి, మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఐటీ చట్టం నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తక్కువ కాని అధికారి దర్యాప్తు చేయాలి. అది కూడా అర్జీలోనే గుర్తు చేశాం.

నగలు ఒక గోల్డ్ లోను కంపెనీలో అతని పేర తాకట్టులో ఉన్నాయి. కాసులపేరు, నాలుగు గాజులు. ఆమె పెళ్ళి ఫోటోలో అవే ఉన్నాయి. ఆ ఫోటో కాపీ జతచేశాం.

ఇక దస్తావేజు. ఈ కేసులో అసలు బలం ఇక్కడే ఉంది, చాలామంది వదిలేసేదీ ఇదే.

సంతకం ఆమెదే, వేలిముద్ర ఆమెదే, రిజిస్ట్రారు ముందు సరే అన్నది ఆమే. మామూలుగా వినేవాళ్ళు "అయితే ఫోర్జరీ ఎట్లా అవుతుంది, సంతకం దొంగది కాదు కదా" అంటారు. భారతీయ న్యాయ సంహిత 335వ సెక్షన్ తెరిచి మూడో క్లాజు చదవాలి. ఒక మనిషి మతిస్థిమితం లేకో, మత్తులోనో, లేదా తనను మోసం చేసినందువల్లో కాగితంలో ఏముందో తెలియని స్థితిలో ఉన్నారని తెలిసి, దురుద్దేశంతో వాళ్ళతో సంతకం పెట్టిస్తే, అది తప్పుడు దస్తావేజు సృష్టించడమే. సంతకం అసలుదే అయినా ఫోర్జరీయే. ఆ కాగితం ఆస్తి హక్కు బదలాయించే విలువైన పత్రం అయితే 338వ సెక్షన్ వస్తుంది. దానికి శిక్ష యావజ్జీవం దాకా, లేదా పదేళ్ళ దాకా జైలు, జరిమానా.

దీనికి సాక్ష్యం ఆమె మాట ఒక్కటే అయితే నిలబడదు. మా దగ్గర మూడు ఉన్నాయి. మొదటిది, ఆపరేషన్ తేదీకి, దస్తావేజు తేదీకి మధ్య వారం కూడా లేదు. కంటి డాక్టరు రాసిచ్చిన చీటీలో చదవకూడదు, వంగకూడదు అనే జాగ్రత్తలు ఉన్నాయి. రెండో కంటికి అప్పటికే చూపు ఆనదని పాత రిపోర్టు ఉంది. రెండోది, సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ మేనల్లుడి స్నేహితులు, ఆమె ముఖం అంతకు ముందు చూసినవాళ్ళు కాదు. మూడోది అన్నిటికంటే బలమైనది. దస్తావేజులో ఆమె కొడుకు ప్రస్తావన ఒక్క ముక్క లేదు. నలభై ఏళ్ళుగా చంటిబిడ్డలా సాకుతున్న కొడుకును గురించి ఒక్క మాట రాయకుండా ఏ తల్లి ఉన్న ఒక్క ఇల్లు వేరొకరికి ఇస్తుంది? ఈ ప్రశ్నను అర్జీలో అట్లాగే పెట్టాం.

ఒక మెలిక ఉంది. 338 సాధారణంగా నాన్-కాగ్నిజబుల్. అంటే ఆ ఒక్క సెక్షనే ఉంటే మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరు. మోసం చేసి ఆస్తి రాయించుకోవడం 318(4), ఏడేళ్ళ వరకు జైలు, ఇది కాగ్నిజబుల్. రెండూ ఒకే ఘటనలో ఉంటే కేసు మొత్తాన్ని కాగ్నిజబుల్‌గానే చూడాలని బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విధానం చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 174 చెబుతుంది. అందుకే రెండూ కలిపి రాశాం. ఎఫ్‌ఐఆర్‌కు ముందు పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ అనే వెసులుబాటు మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాలకే. ఏడేళ్ళ నేరం దానిలోకి రాదు.

గడియ

వెనక గది తలుపు పాతది, నీలం పెయింటు వెలిసిపోయి ఉంది. దాని మీద గడియ మాత్రం కొత్తది, బయటి వైపు బిగించింది, స్క్రూలు ఇంకా మెరుస్తున్నాయి. లోపలి వైపు మోకాలి ఎత్తున పెయింటు గోళ్ళతో గీరినట్టు లేచిపోయి ఉంది. కిటికీ లేదు. తల్లి నన్ను తీసుకెళ్ళి చూపించినప్పుడు ఆ అబ్బాయి నా చేయి పట్టుకుని తలుపు కొట్టి చూపించి, "చీకటి" అన్నాడు. అతనికి వచ్చిన మాటలే తక్కువ.

డబ్బు సంగతి వాయిదాల మీద తేలినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టాం. వైకల్యం ఉన్న మనిషి మీద హింస, దోపిడీ జరుగుతోందని ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు, బంధువే కానక్కర్లేదు. మా అర్జీ మీద సంతకం పెట్టింది ఎదురింటి టీచరమ్మ. తహసీల్దారు మనుషులు, పోలీసులు వచ్చారు, వీడియో తీశారు, మధ్యవర్తుల సమక్షంలో రిపోర్టు రాశారు, గడియ ఊడదీసి సీజ్ చేశారు. ఆ రోజు నుంచి ఆ తలుపుకు గడియ లేదు.

నేరాల లెక్కలో ఇది అక్రమ నిర్బంధం, న్యాయ సంహిత 127వ సెక్షన్. మామూలుగా ఏడాది, మూడు రోజులు దాటితే మూడేళ్ళు, పది రోజులు దాటితే అయిదేళ్ళ వరకు జైలు. కానీ రాత్రి తలుపు తీసేవాడు. రోజూ కొన్ని గంటలు పెట్టడాన్ని వరుసగా పది రోజుల నిర్బంధం అనవచ్చా? నా అభిప్రాయంలో అనడం కష్టం. ఎక్కువ శిక్ష ఉందని అతికించిన సెక్షన్ ఛార్జి దశలో ఊడిపోతే, మిగతా కేసు కూడా పలచబడినట్టు కనిపిస్తుంది. 127(2)తో సరిపెట్టాం. దానికి తోడు తన అదుపులో ఉన్న వికలాంగుడికి తెలిసే తిండి, నీళ్ళు ఇవ్వకపోవడం 2016 చట్టం 92వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ళ వరకు జైలు. బరువైన సెక్షన్ ఇదే, తక్కువమంది వాడేదీ ఇదే. పగలు గదిలో నీళ్ళ చెంబు కూడా పెట్టేవాడు కాదని పనిమనిషి చెప్పింది, ఆమె సాక్షి. తల్లిని నెట్టేసినదానికి న్యాయ సంహిత 115(2), ఏడాది వరకు జైలు.

ఆర్డీఓ దగ్గరికి ఎందుకు పోలేదు

అందరూ అడిగిన ప్రశ్న ఇది. 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ చెప్పొచ్చు కదా, అని.

పోషణ ఖర్చు అడగాలంటే పిల్లలు, మనవలు ఉండాలి, లేదా సంతానం లేనివాళ్ళకు వారసులయ్యే బంధువులు ఉండాలి. మేనల్లుడు ఇందులోకి రాడు. 23వ సెక్షన్‌కు ఆ ఇబ్బంది లేదు, ఆస్తి పొందినవాడు ఎవరైనా కావచ్చు. కానీ అందులో ఒక షరతు ఉంది. కనీస వసతులు, అవసరాలు చూడాలన్న షరతు మీద ఇచ్చి ఉండాలి. ఆ షరతు మీద ఇచ్చినట్టు చెప్పి, రుజువు చేయాలని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి విశాలంగా చదవాలని, విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా చూడొచ్చని, ఆస్తి స్వాధీనం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. మా దస్తావేజులో "ప్రేమాభిమానములతో" అని తప్ప ఇంకేమీ లేదు, విడిగా హామీ పత్రమూ లేదు.

అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ఆర్డీఓ ముందు "చూసుకుంటాడని ఇచ్చాను, చూసుకోలేదు" అని చెప్పాలి. పోలీసుల ముందు "ఇచ్చానన్న సంగతే నాకు తెలియదు, పింఛను కాగితం అనుకున్నాను" అని చెప్పాం. ఒకే మనిషి ఒకే దస్తావేజు గురించి ఈ రెండూ చెబితే రెండు చోట్లా నమ్మరు. నిజం రెండోది. కాబట్టి దాని మీదే నిలబడ్డాం. దస్తావేజు రద్దుకు సివిల్ కోర్టులో దావా వేశాం, మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ళ గడువు ఉంటుంది. ఇల్లు అమ్మకుండా, ఆమెను బయటికి పంపకుండా ఇంజంక్షన్ అడిగాం, వచ్చింది. వేరే కేసులో, షరతు రాసిన దస్తావేజు ఉంటే నేను ముందు ఆర్డీఓ దగ్గరికే పంపిస్తాను. ఖర్చు తక్కువ, త్వరగా తేలుతుంది.

కూతురి ప్రశ్న

వీడియో కాల్‌లో కూతురు అడిగింది. "మేడమ్, ఇక్కడైతే ఇదంతా ఒకే సెక్షన్. అక్కడ ఎందుకిన్ని?"

ఆమె చెప్పింది కాలిఫోర్నియా పీనల్ కోడ్ 368వ సెక్షన్ గురించి. అక్కడ 65 ఏళ్ళు నిండినవాళ్ళను, అలాగే 18 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉండి శారీరక, మానసిక పరిమితుల వల్ల తమను తాము కాపాడుకోలేని పెద్దవాళ్ళను ఒకే గొడుగు కిందికి తెచ్చారు. అంటే ఈ తల్లి, ఈ కొడుకు ఇద్దరూ ఒకే సెక్షన్‌లోకి వస్తారు. ప్రాణాపాయమో పెద్ద గాయమో అయ్యే పరిస్థితుల్లో హింసిస్తే కౌంటీ జైల్లో ఏడాది వరకు, లేదా స్టేట్ ప్రిజన్‌లో రెండు, మూడు, నాలుగేళ్ళు. బాధితులకు తీవ్రగాయమైతే, మరణిస్తే, వయసు డెబ్బై దాటిందా లేదా అన్నదాన్ని బట్టి శిక్ష ఇంకా పెరుగుతుంది. 950 డాలర్లకు మించి సొమ్ము కాజేస్తే నాలుగేళ్ళ దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. బెదిరించో మోసం చేసో నిర్బంధించినా అదే సెక్షన్. వృద్ధుల ఖాతాలో తేడా కనిపిస్తే బ్యాంకు ఉద్యోగులు అధికారులకు చెప్పి తీరాలన్న నియమం కూడా ఆ రాష్ట్రంలో ఉంది.

మన దగ్గర అలాంటి నియమం ఉంటే, ఆపరేషన్ రోజున రెండుసార్లు డబ్బు తీసినప్పుడో, ఈఎంఐలు మొదలైనప్పుడో ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. 2019 డిసెంబరులో మన 2007 చట్టాన్ని మార్చే బిల్లు లోక్‌సభలో పెట్టారు. కోడళ్ళను, అల్లుళ్ళను కూడా బాధ్యుల్లో చేర్చాలని, 10,000 రూపాయల భరణం పరిమితి తీసేయాలని అందులో ఉంది. ఆ లోక్‌సభతో పాటే అది మురిగిపోయింది. ఒకే సెక్షన్ రావాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అది వచ్చేదాకా ఉన్న ముక్కలనే ఓపిగ్గా కలిపి కుట్టుకోవాలి.

ఎఫ్‌ఐఆర్ నుంచి రాజీ బేరం దాకా

కొత్త అర్జీ స్టేషన్లో ఇచ్చాం, మళ్ళీ నానబెట్టారు. బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) ప్రకారం ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఆ తర్వాత ఎఫ్‌ఐఆర్ అయింది. కాకపోయి ఉంటే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. స్టేట్‌మెంట్ కోసం ఆమెను స్టేషన్‌కు రమ్మన్నారు. అక్కర్లేదు. మహిళలను, అరవై దాటినవాళ్ళను, వైకల్యం ఉన్నవాళ్ళను వాళ్ళుండే చోటే విచారించాలి. ఆ సెక్షన్ నంబరు 179 కాగితం మీద రాసిచ్చాను, ఎస్‌ఐ ఇంటికే వచ్చారు. ఆమె వయసును దృష్టిలో పెట్టుకుని, 183 కింద మేజిస్ట్రేటు ముందు కూడా స్టేట్‌మెంట్ ఇప్పించాం.

ఏడేళ్ళ లోపు కేసైతే సాధారణంగా నోటీసు ఇచ్చి పిలుస్తారు, వెంటనే అరెస్టు ఉండదు. 338 ఉన్నందువల్ల మేనల్లుడికి ఆ ధీమా లేకపోయింది. ముందస్తు బెయిలు పిటిషన్ వేశాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టకూడదని, ఫిర్యాదినీ సాక్షులనూ కలవకూడదని షరతులతో వచ్చింది. అలా అతను ఇల్లు ఖాళీ చేశాడు. అతను జైలుకు పోలేదని కూతురు బాధపడింది. తల్లికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టిందట. తాకట్టులో ఉన్న నగలను పోలీసులు సీజ్ చేశారు. వాటిని ఆమె కస్టడీకి ఇవ్వమని పిటిషన్ వేసి, బాండు రాసిచ్చి, కేసు తేలేదాకా అమ్మకూడదన్న షరతుతో తెచ్చుకున్నాం.

అప్పుడు వదిన వచ్చింది, అంటే మేనల్లుడి తల్లి. పండ్లు, చీర తెచ్చింది. "వాడు చేసింది తప్పే అమ్మణ్ణీ. ఇల్లు తిరిగి రాయిస్తా, డబ్బు కొద్దికొద్దిగా కట్టిస్తా. కేసు తీసేయించు. వాడికింకా పెళ్ళి కావల్సి ఉంది." ఇలాంటి రాయబారంలో అబద్ధం ఉండదు, అందుకే కాదనడం కష్టం. ఆమె రెండు రోజులు ఏమీ తినలేదని టీచరమ్మ చెప్పింది.

నేను ఆమెకు చట్టం చెప్పాను, నిర్ణయం చెప్పలేదు. నమ్మకద్రోహం, మోసం కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. 338 రాజీ చేసుకునే నేరం కాదు. దాన్ని కొట్టేయాలంటే ఇరుపక్షాలూ హైకోర్టుకు వెళ్ళాలి. వికలాంగుడిని మాడ్చిన నేరాన్ని ఇరుపక్షాలూ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని తుడిచేయడానికి లేదు. సివిల్ దావాను లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే ఆ అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

ఆమె మూడో రోజు వచ్చింది. "ఇల్లు ఇస్తానంటే తీసుకుంటా లాయరమ్మా. డబ్బు కూడా. పైసలు పోయినందుకు వాడు జైలుకు పోవాలని నాకు లేదు. నా బిడ్డను చీకట్లో పెట్టినాడే, అది మాత్రం జడ్జి ముందర చెప్తా. దాన్ని ఎవరూ తీసేయొద్దు."

లోక్ అదాలత్‌లో దస్తావేజు రద్దయింది. కాజేసిన డబ్బు వాయిదాల్లో కట్టాలని, రెండు వాయిదాలు వరసగా తప్పితే మొత్తం ఒకేసారి వసూలు చేసుకోవచ్చని రాయించాం. రాజీ కాగితంలో "క్రిమినల్ కేసు వాపసు తీసుకొనుటకు అంగీకరించడమైనది" అన్న వాక్యం చేర్చమని అవతలి లాయరు పట్టుబట్టారు. ఒప్పుకోలేదు. రాజీ చేసుకోలేని నేరాన్ని డబ్బు కోసం వదిలేస్తానని రాసిన ఒప్పందం చెల్లదు, పైగా రేపు సాక్షి బోనులో ఆమె మీదికే దాన్ని విసురుతారు. ఆ వాక్యం లేకుండానే సంతకాలయ్యాయి. ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) ఇప్పుడు ఇల్లు ఆమె పేరే చూపిస్తోంది.

ఛార్జిషీటు పడింది. సాక్షుల విచారణ మొదలు కావాలి. ఆమె వయసు చూపించి ముందు ఆమెనే విచారించమని పిటిషన్ వేశాను. కూతురి సాక్ష్యం వీడియో కాన్ఫరెన్సులో తీసుకోమని అడిగాం. కొడుకును బోను ఎక్కించకూడదని మేం నిర్ణయించుకున్నాం. తలుపు వీడియో, గడియ, పనిమనిషి సాక్ష్యం చాలు.

మిగిలిన పని ఇంకొకటి ఉంది. తల్లి తర్వాత ఆ అబ్బాయికి ఎవరు? 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ళకు చట్టబద్ధ సంరక్షకుడిని జిల్లా స్థాయి కమిటీ నియమిస్తుంది, దానికి కలెక్టరు అధ్యక్షత వహిస్తారు. తల్లి ఉండగానే దరఖాస్తు పెట్టించాం. మొదటి సంరక్షకురాలిగా తల్లి, ఆమె తర్వాత కూతురు. తిరుపతిలోనే ఉండి రోజువారీ చూసేందుకు టీచరమ్మ ఒప్పుకుంది. ఆమె చేతికి డబ్బు ఎంత, ఏ లెక్కతో, ఎవరికి చూపించాలి అనేది మాత్రం ఈసారి కాగితం మీద రాసుకున్నాం. టీచరమ్మే రాయమని అడిగింది.